పొట్ట చూడాలా, బరువు చూడాలా: ఏ కొలత మేలు?

బెంగళూరులో మారతహళ్ళి, బెల్లందూరు వైపు మన తెలుగువాళ్ళు కూడినచోట ఈ మాట తరచూ వినిపిస్తుంది: "నా బీఎంఐ 22, నాకేం టెన్షన్ లేదు." చూస్తే కాళ్ళూ చేతులూ సన్నగానే ఉంటాయి, పొట్ట మాత్రం చొక్కా గుండీలను లాగుతుంటుంది. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో బీఎంఐ చెబుతుంది గానీ, అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరిందన్నది చెప్పదు. మనవాళ్ళకు అది కాలేయం, పేగుల చుట్టూ త్వరగా చేరుతుంది. షుగర్, గుండెజబ్బుల ముప్పు దానితోనే ఎక్కువ. అందుకే నేను టేపు వైపే.

టేపుతోనూ మూడు దారులున్నాయి. నడుము చుట్టుకొలత ఒక్కటే చూస్తే, దక్షిణాసియా వారికి హద్దు మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80. నడుమును తుంటి కొలతతో భాగించడం రెండోది. ఇది మగవాళ్ళకు 0.90, ఆడవాళ్ళకు 0.85 దాటకూడదు. ఈ నగరంలోనే సెయింట్ జాన్స్‌లో వైద్యం చదివిన సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం, గుండెపోటు ముప్పును బీఎంఐ కన్నా ఇదే బాగా పట్టిస్తుందని 2005లో తేల్చింది. కానీ ఇంట్లో చేసుకోవడానికి ఇది చిక్కే. రెండు కొలతల్లోనూ తప్పు దొర్లవచ్చు. పైగా సన్నబడితే రెండూ కలిసే తగ్గుతాయి, అంకె పెద్దగా కదలదు. కష్టపడి నడిచిన మనిషి ఉసూరుమంటాడు.

మూడోది నాకు నచ్చింది: నడుము మీ ఎత్తులో సగం లోపే ఉండాలి. ఐదడుగుల ఆవిడ ఎత్తు 152 సెంటీమీటర్లు, సగం 76. ఆవిడ నడుము 78 ఉంటే మొదటి లెక్కలో పాస్, ఇందులో కాదు. పొట్టివాళ్ళ విషయంలో ఈ తేడా చిన్నది కాదు. టేపు లేకపోయినా ఫర్వాలేదు, మీ ఎత్తంత తాడు తీసుకుని సగానికి మడిచి నడుముకు చుట్టండి, కొసలు కలిస్తే చాలు.

ప్యాంటు సైజు మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. బెల్టు పొట్ట కిందికి జారిపోతుంది, సైజు 34 దగ్గరే ఉండిపోతుంది, పైన పొట్ట పెరుగుతూనే ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, బట్ట అడ్డు లేకుండా, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి పీల్చకూడదు. గర్భిణులకు ఈ లెక్కలు వర్తించవు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళకూ కొలవండి. సగం దాటితే, బీఎంఐ బాగున్నా సరే, పరగడుపు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించి డాక్టరుతో మాట్లాడండి.