తెరచాప పడవలో అతిథులు: సీషెల్స్‌లో ఏడు రోజులు

శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చిన చుట్టాలకు సముద్రం చూపించాలంటే కళింగపట్నం దీపస్తంభం దాకా తీసుకువెళ్లి, వంశధార కడలిలో కలిసే చోట కాసేపు కూర్చోబెట్టి, చీకటి పడకముందే ఇంటికి తెచ్చి భోజనం పెడితే సరిపోతుంది. కిందటి ఏప్రిల్‌లో మాత్రం శ్రీకూర్మం నుంచి ఒక జంటను, పలాస నుంచి మరో జంటను హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులకు పిలిచి, వారం రోజులు పడవలోనే ఉంచి ఆతిథ్యం ఇచ్చాము. ముప్పై ఏళ్లు సరుకు ఓడల మీద పనిచేసిన నాకు కూడా అందులో తెలియని సంగతులు చాలా ఎదురయ్యాయి.

తెరచాప నడపడం వేరే విద్య కనుక అద్దె సంస్థ ఇచ్చిన స్కిప్పర్‌నే చుక్కాని దగ్గర ఉంచాము. నలభై అడుగుల కాటమరాన్‌లో (జంట పొట్టల పడవలో) ఉన్న నాలుగు గదుల్లో ఒకటి అతనికి పోగా మూడు జంటలకు మూడు మిగిలాయి. ఒంటి పొట్ట పడవకు అద్దె తక్కువే అయినా, గాలికి ఒక పక్కకు ఒరిగి సాగే ఆ పడవలో కొత్తవాళ్లు మొదటి పూటే వాంతులతో మంచం పడతారు. ఆ అదనపు అద్దె నాకు దండగ అనిపించలేదు.

అసలు చిక్కు నీళ్లతో వచ్చింది. ట్యాంకులో పట్టేది 600 లీటర్లు. ఏడుగురు మనుషులు ఇంట్లో లాగే స్నానాలు చేయడంతో రెండో సాయంత్రానికే అది అడుగంటింది. ప్రాలిన్ దీవిలోని బే సెంటాన్ రేవులో మళ్లీ నింపుకున్నాక, సముద్రంలో మునిగి వచ్చి చివర రెండు చెంబుల మంచినీళ్లు పోసుకోవాలని నియమం పెట్టవలసి వచ్చింది. మరుగుదొడ్డి గొట్టం సన్నది, కాగితం పడితే పూడుకుపోతుంది. ఈ రెండు మాటలూ అతిథులకు టికెట్లు కొనకముందే చెప్పి ఉండవలసింది. పడవ ఎక్కిన తరువాత చెబితే అది ఆతిథ్యంలా కాక ఆంక్షలా వినిపించింది.

సీషెల్స్‌లోని పెద్ద దీవి మాహే నుంచి (మన పుదుచ్చేరి మాహే కాదు) ప్రాలిన్ దాదాపు 45 కిలోమీటర్లు. వాయవ్య గాలులు తగ్గి ఆగ్నేయ గాలులు మొదలయ్యే మధ్యకాలం ఏప్రిల్ కావడంతో తెరచాప చాలాసేపు వేలాడుతూనే ఉంది, ఇంజన్ మీదనే ఐదు గంటల్లో చేరుకున్నాము. తెరచాప ప్రయాణం కోసమే వెళ్లేవారికి అది నిరాశే కాని, కదలని నీళ్లు, అడుగున ఇసుక దాకా కనిపించే తేటదనం అతిథులకు బాగా నచ్చాయి.

ప్రాలిన్‌లోని వాలీ ద మే అడవి 1983 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ప్రపంచంలోకెల్లా బరువైన గింజ కాసే కోకో ద మేర్ చెట్లు అక్కడివి. ఒక్కో కాయ ఇరవై కిలోల దాకా తూగుతుంది. ఉద్దానంలో కొబ్బరితోట ఉన్న పలాస మిత్రుడు, 2018 తిత్లీ తుఫానుకు నేలకూలిన తన చెట్లను తలుచుకుంటూ, ఆ మానుల కింద చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. భూమధ్యరేఖకు నాలుగు డిగ్రీల దూరంలోనే ఉన్నందున తుఫానులు సుడి తిరిగి బలపడేందుకు భూమి తిరగడం వల్ల గాలికి కలగవలసిన మెలిక అక్కడ చాలదని చెబితే, "అయితే మనం తప్పు చోట నాటినాం బావా" అన్నాడు.

నా మట్టుకు ఈ యాత్రలో అన్నిటికన్నా మేలైన మజిలీ క్యూరియస్ దీవి. 1965 దాకా కుష్ఠురోగులను ఉంచిన ఆ దీవిలో ఇప్పుడు అల్దాబ్రా జాతి రాకాసి తాబేళ్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లకు ఆకుకూరలు పెట్టి పెరిగిన వదిన, నడుమెత్తున్న తాబేలు మెడ చాచగానే చెప్పులు విడిచి దండం పెట్టింది. "ఏటి, ఈ కూర్మనాథుడు ఇక్కడికెప్పుడొచ్చేసినాడు?" అని ఆవిడ అడిగితే, భాష తెలియకపోయినా స్కిప్పర్ కూడా నవ్వాడు. అక్కడ ఒక్క రాత్రే లంగరు వేశాము. రెండు రాత్రులు ఉండవలసింది.

లా డీగ్ దీవిని ఇంతగా మెచ్చుకోలేను. నునుపైన గ్రానైటు గుండ్ల ఆన్స్ సూర్స్ దార్జాన్ తీరం అందమైనదే, సైకిళ్ల మీద తిరగడమూ హాయిగానే ఉంది. అయితే రేవు మరీ ఇరుకు, రాత్రంతా పక్క పడవ ఒరుసుకుంటుందేమోనన్న బెంగతో నాకు నిద్ర పట్టలేదు. ప్రాలిన్‌లోనే లంగరు ఉంచి, ఫెర్రీలో ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి రావడం మేలు.

అద్దె సంస్థ పడవను శుభ్రంగానే ఇచ్చింది, కాని ఒడ్డుకు చేర్చే డింగీ మోటారు మూడో రోజే మొరాయించింది. ఫోన్ చేస్తే మరునాటి సాయంత్రానికి గాని వేరేది రాలేదు. అంతదాకా మగవాళ్లమే తెడ్లు వేశాము. బారువలో అలల వరస చూసి తెప్ప ఒడ్డుకు తోయడం చిన్నప్పుడు నేర్చినవాడిని కనుక ఆ నిశ్చలమైన నీళ్లలో కష్టమేమీ అనిపించలేదు. మోకాలి లోతు నీళ్లలోకి దిగవలసి వచ్చిన ఆడవాళ్లు మాత్రం చీరలు తెచ్చినందుకు నొచ్చుకున్నారు.

తిండికి లోటు రాలేదు. మాహేలోని రాజధాని విక్టోరియా బజారులో బియ్యం, పప్పు, కరివేపాకు దొరికాయి; జాలర్ల దగ్గర కొన్న సూర చేపను మా ఆవిడ చింతపండు పులుసు పెడితే స్కిప్పర్ రెండు పూటలా అదే అడిగాడు.

పలాస మిత్రుడు వచ్చే ఏడు తమ్ముడి కుటుంబాన్ని కూడా తెస్తానంటున్నాడు. ఖాళీగా ఉండేవి రెండే గదులని, నీళ్లు 600 లీటర్లేనని ఈసారి ముందుగానే చెప్పేశాను.