బొగత: జూలైలో చూడండి, అక్టోబరులో దిగండి

ములుగు జిల్లా వాజేడు మండలంలో ఉన్న బొగత జలపాతానికి ఇప్పటికి మూడుసార్లు పోయాను. రెండుసార్లు కాలు కూడా తడవకుండా తిరిగొచ్చాను, మూడోసారి మాత్రం దగ్గర దగ్గర మూడు గంటలు నీళ్లలోనే ఉన్నాను. అందుకే "బొగత ఎట్లుంటది అక్కా, పిల్లల్ని తీస్కపోవచ్చా" అని మా కాలనీలో ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే, ఏ నెలల పోతున్నరు?

ఫోన్లలో తిరిగే వీడియోలన్నీ జూలై, ఆగస్టులవి. వాగు వెడల్పంతా ఎర్రటి నీళ్లు, పైన పొగలాగ తుంపర, వెనక డీజే పాట, మీద "తెలంగాణ నయాగరా" అని అక్షరాలు. అది చూసి తువ్వాళ్లు, పిల్లల నిక్కర్లు సంచిలో కుక్కుకొని బయల్దేరే జనంలో మొదటిసారి నేనూ ఉన్నాను. హనుమకొండ నుంచి 140 కిలోమీటర్ల దాకా పోయాక వరద ఎక్కువుందని గేటు దగ్గరే ఆపేస్తే, కారులోనే పులిహోర తిని వెనక్కి తిరిగాం. రెండోసారి లోపలికి వదిలారు గానీ కంచె ఇవతల నిలబడి చూడటమే. పక్కన ఒకాయన "ఇంత దూరం వచ్చినోళ్లకు ఇదేం రూలు" అని గొడవ పెట్టుకున్నాడు. నా మనసులో కూడా అదే ఉంది, కానీ ఆ నీళ్ల మోత దగ్గర్నుంచి విన్నాక ఇంక నోరు పెగల్లేదు. పక్కనున్న మా ఆయనతో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చింది.

ఆ వాగుకు నీళ్లు ఎగువన ఛత్తీస్‌గఢ్ వైపు గుట్టల మీంచి, అడవుల్లోంచి వస్తాయి. మన దగ్గర ఫెళ్లున ఎండ కాస్తున్నా సరే, అక్కడ రాత్రి గట్టి వాన పడిందంటే ఇక్కడ నీళ్లు పెరుగుతాయి, కాబట్టి ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకుంటే కుదరదు. ప్రాణాలు పోయిన సంఘటనలు ఇక్కడా ఉన్నాయి. పక్కన వెంకటాపురం మండలంలో ముత్యంధార జలపాతం చూడబోయి 2023 జూలైలో 80 మంది దాకా అడవిలో చిక్కుకుపోతే ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వచ్చి బయటికి తేవాల్సి వచ్చింది, ఆ వార్త అందరికీ గుర్తుండే ఉంటుంది. గేటు మూశారంటే మూశారంతే, బతిమాలకండి.

ఇక మూడోసారి సంగతి. దసరా సెలవుల చివర్లో, మంగళవారం పూట పోయాం. మా ఆయనకు సెలవు దొరకలేదు, కాబట్టి మా తమ్ముడు బండి తీశాడు. నేను, నా ఇద్దరు పిల్లలు, అమ్మ, మా మరదలు. మరదలిది వైజాగ్. సముద్రం పక్కన పుట్టిన పిల్ల, దానికి మన వాగు ఏం నచ్చుతుందిలే అని నేననుకుంటే, అందరికంటే ముందు తయారై కూర్చుంది. "వదినా, మా బీచ్‌లో మోకాళ్ల దాకా దిగితేనే మా అమ్మ కేకలేసేదండి, అక్కడ అల వెనక్కి లాగేస్తుంది, ఎవరూ ఈత కొట్టరు" అంది. నిజంగా అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు, సముద్రం ఉన్నోళ్లందరూ రోజూ ఈదుతారనే అనుకున్నాను.

పొద్దున అయిదున్నరకు బయల్దేరితే ములుగు చేరేసరికి ఇంకా టీ కొట్లు తెరుస్తున్నారు. గట్టమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టకుండా అమ్మ బండి ముందుకు పోనివ్వదు. పస్రా దాటాక అడవి మొదలవుతుంది, 163వ నంబరు జాతీయ రహదారి ఇటూ అటూ టేకు, మద్ది, ఇప్ప, మధ్యలో వెదురు పొదలు. తాడ్వాయి దగ్గర మేడారం పోయే మలుపు రాగానే అమ్మ కూర్చున్న చోటు నుంచే ఆ దిక్కు చెయ్యెత్తి మొక్కింది. 2024 ఆగస్టు చివర్లో వచ్చిన గాలివానకు ఈ అడవిలో చెట్లు వేలల్లో కూలిపోయాయి, ఆ వార్త చదివి కూడా నేను మర్చిపోయాను, తమ్ముడే గుర్తు చేశాడు. ఈ దారిలో ఒకటే బాధ, ఇసుక లారీలు. గోదావరి దిక్కు నుంచి వరుసగా ఎదురొస్తుంటాయి, ఓవర్‌టేక్ చేసే తొందర మాత్రం వద్దు.

ఏటూరునాగారం దాటి ముల్లకట్ట బ్రిడ్జి ఎక్కాక గోదావరి ఇంత వెడల్పా అని పిల్లలు నోరు తెరిచారు. ఈ బ్రిడ్జి రాకముందు ఆవలి ఒడ్డు మనకు వేరే దేశం లెక్కే. బాపు ఏటూరునాగారంలో ఉద్యోగం చేసిన రోజుల్లో వాజేడు పోవాలంటే పడవ ఎక్కేవాడని, వాన కాలంలో అదీ లేక మనిషి రెండు రోజులు అక్కడే ఉండిపోయాడని అమ్మ ఈ బ్రిడ్జి మీద వచ్చిన ప్రతిసారీ చెప్తుంది. వాజేడు అప్పుడు ఖమ్మం జిల్లా. 2016లో భూపాలపల్లిలో కలిపారు, 2019లో ములుగు జిల్లా అయింది. హైదరాబాద్ వాళ్లయితే ఒకప్పుడు బొగతకు భద్రాచలం చుట్టు తిరిగి వచ్చేవాళ్లు. ఇప్పుడు మాకు హనుమకొండ నుంచి మూడు గంటలు, టిఫిన్‌కు ఆగడంతో కలిపి.

చీకుపల్లి దగ్గర మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరగాలి. టికెట్టు, పార్కింగ్ రెండూ కలిపినా సినిమా హాల్లో ఒక పాప్‌కార్న్ డబ్బా ధర కాలేదు. కోతులున్నాయి, కవర్ చప్పుడైతే చాలు వచ్చేస్తాయి, మా చిన్నోడి కుర్‌కురే ప్యాకెట్ కారు దిగిన నిమిషంలోనే పోయింది.

బొగత ఎత్తు పెద్దగా ఉండదు, 30 అడుగులు అంటారు. ఆదిలాబాద్ జిల్లాలోని కుంటాల జలపాతం 147 అడుగులు, దాని ముందు ఇది పిల్ల. కానీ కుంటాల మెడ పైకెత్తి చూసే జలపాతం, ఇది అడ్డంగా పరుచుకున్న జలపాతం. నల్లటి బండలు మెట్లు మెట్లుగా ఉంటే వాటి మీంచి అక్టోబరులో నీళ్లు తెల్లగా, పాయలు పాయలుగా విడిపోయి దిగుతాయి. ఎర్ర రంగు ఉండదు, ఆ మోత ఉండదు. కింద మడుగులో ఒడ్డు దగ్గర గులకరాళ్లు కనపడేంత తేటగా ఉన్నాయి నీళ్లు. జూలైలో చూసింది ఇదేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఆ రోజు దిగనిస్తున్నారు, కానీ హద్దు దాకానే. అక్కడ కాపలా ఉన్న పెద్దాయన మమ్మల్ని చూడగానే పిల్లల వయసు అడిగాడు, తర్వాత నాకూ తమ్ముడికీ చేత్తో చూపించాడు. "గా నల్లబండ కాడికే పోండ్రి. దాని ఆవల గుండం ఉన్నది. నురగ కనపడే జాగల ఈతొచ్చినోడు సుత తేలడు." నురగ నీళ్లలో గాలి బుడగలు ఎక్కువుండి మనిషి బరువును మొయ్యవని, పైనుంచి పడే నీళ్లు కిందికి నొక్కి లోపలే తిప్పుతాయని తమ్ముడు తర్వాత పిల్లలకు బకెట్టు, మగ్గు భాషలో వివరించాడు. పెద్దాయన ఒక్క మాటలో చెప్పేసింది అదే.

మొదట చల్లదనం. అడుగు పెట్టగానే పిక్కలు బిగుసుకుపోయాయి, మరదలు "అమ్మో" అని ఒడ్డుకు గెంతింది. అయిదు నిమిషాలకు అలవాటైపోయి ఇంక బయటికి రాబుద్ధి కాలేదు. నేను ఈత నేర్చుకున్నది 34 ఏళ్లకు, అది కూడా క్లోరిన్ వాసన కొట్టే నీలం టైల్స్ ట్యాంకులో, పొద్దున ఆడవాళ్ల బ్యాచ్‌లో. పారే నీళ్లలో ఈదడం వేరు. వెల్లకిలా పడుకుంటే నీళ్లు మనల్ని మెల్లగా ఒడ్డు దిక్కు జరుపుతాయి, చెవులు నీళ్లలో ఉంటే జలపాతం చప్పుడు దూరంగా ఎక్కడో తిరగలి తిరుగుతున్నట్టు వినపడుతుంది, కళ్లెదురుగా అడవి, ఆకాశం తప్ప ఏం లేదు. కదలకుండా నిలబడితే వేలెడంత చేపలు వచ్చి కాలివేళ్లు పొడుస్తుంటాయి. పట్నంలో దీనికి డబ్బులు తీసుకుంటారని పెద్దోడు లెక్క చెప్పాడు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు, నీళ్లలోకి రానంది. కాసేపయ్యాక చూస్తే చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని, ఒడ్డు పక్కన చదునైన బండ మీద నడుము దాకా నీళ్లలో కూర్చొని ఉంది. పాయ ఒకటి భుజం మీద పడుతుంటే కళ్లు మూసుకుంది. కాళ్ల మెట్టెలు నీళ్ల అడుగున మెరుస్తున్నాయి. పోదామా అమ్మా అంటే కళ్లు తెరవకుండానే "మీరు పోండ్రి, నేను రేపొస్త" అంది.

ఆడవాళ్లకు ఒక మాట. చున్నీ, చుడీదార్ వేసుకొని దిగకండి, తడిసిన కాటన్ కాళ్లకు చుట్టుకుంటే ఒడ్డు పక్కన కూడా పడిపోతారు, నేను పడ్డాను, మోచెయ్యి గీసుకుపోయింది. లెగ్గింగ్స్, పొట్టి నైలాన్ టీషర్టు చాలు. మనల్ని చూసేవాళ్లు ఎట్లాగూ చూస్తారు. బండల మీద నాచు ఉంటుంది, హవాయి చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు తెచ్చుకోండి. బట్టలు మార్చుకునే చోట మంగళవారం ఎవరూ లేరు. ఆదివారం పోయిన మా పక్కింటావిడ మాత్రం తడి బట్టలతో అరగంట లైన్లో నిలబడ్డానని చెప్పింది, నమ్ముతాను.

నాకు కోపం వచ్చింది ఒకే ఒక్క విషయానికి, అదీ మన జనం మీద. మడుగు దాటాక కింది వాగులో రాళ్ల సందున పగిలిన బీరుసీసా పెంకు దొరికింది, ఆకుపచ్చది, బొటనవేలంత. చిన్నోడు అరికాలు పెట్టబోయిన జాగ అది. ఒడ్డున కూర్చొని తాగినోడికి రెండు అడుగుల అవతల చెత్తడబ్బా కనపడలేదంటే నేను నమ్మను.

మధ్యాహ్నానికి ఆకలి దంచేసింది. ఈ దారిలో బొంగు చికెన్ బోర్డులు ఎక్కడ చూసినా ఉంటాయి. మొదట ఆగిన చోట, పేరు ఎందుకులెండి, ముందే ఉడికించిన ముక్కలు బొంగులో పోసి వేడి చేసి ఇచ్చారు, నూనె కారుతోంది. బొంగు చికెన్‌కు నూనెతో పనే లేదు. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన పచ్చి మాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుకుంటూ కాల్చాలి, వెదురు తడికే లోపల ఉడుకుతుంది. ముప్పావు గంటన్నా పడుతుంది. పది నిమిషాల్లో తెచ్చి ఇచ్చారంటే అనుమానించాల్సిందే. కొంచెం ముందుకొచ్చాక చెట్టు కింద ఒక ఆవిడ మా కళ్ల ముందే బొంగు నింపింది, కాల్చి కత్తితో నిలువునా చీలిస్తే ఆవిరితో పాటు పచ్చి వెదురు వాసన గుప్పుమంది. మరదలు అరకులో తిన్నదాంతో పోల్చి చూసి, కాసేపు ఆలోచించి, రెండో బొంగు చెప్పింది. మాకు తీర్పు అర్థమైంది.

మార్కులంటే, అక్టోబరు బొగతకు అయిదుకు నాలుగున్నర. జూలై బొగతకు కూడా నాలుగు ఇస్తాను, కానీ అది కళ్లకే. జూలైలో పోతే సంచిలో తువ్వాలు పెట్టుకోకండి, గొడుగు పెట్టుకోండి, బయల్దేరే ముందు ఆ రోజు లోపలికి వదులుతున్నారో లేదో వార్తల్లో చూసుకోండి. ఎండాకాలం వచ్చేసరికి ధార సన్నబడిపోతుంది, అప్పుడు ఇంత దూరం దండగ. అంత దూరం పోలేం, పిల్లలు నీళ్ల కింద నిలబడి కేరింతలు కొడితే చాలు అనుకునేవాళ్లకు మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో భీముని పాదం జలపాతం దగ్గర, కాకపోతే అదీ వానలు బాగా పడ్డ ఏడాదే. కుంటాలలో దిగే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మేడారం జాతర రోజుల్లో ఈ రోడ్డు మీదికే రాకండి.

లఖ్నవరం చెరువు, రామప్ప గుడి కూడా అదే రోజు కలిపేద్దాం అని ప్లాన్ వేసేవాళ్లుంటారు, మా తమ్ముడు కూడా వేశాడు. నీళ్లలోంచి పిల్లల్ని బయటికి లాగేసరికే రెండు దాటింది. రామప్ప మలుపు దగ్గరికి వచ్చేటప్పటికి వెనక సీట్లో అమ్మతో సహా అందరూ నిద్ర, కారు అద్దాల సందుల్లో తువ్వాళ్లు ఎగురుతున్నాయి.

పెట్రోలు ఏటూరునాగారంలోనే కొట్టించుకోండి. బ్రిడ్జి దాటాక ముల్లు కిందికి పోతుంటే మాకు బాగానే టెన్షన్ పట్టుకుంది.