తొమ్మిదేళ్లుగా సీటాబ్: నా పేచీ అంతా ఉప్పుతోనే

సీటాబ్ అంటే ఆకుల నుంచి డీఎన్ఏ తీయడానికి వాడే సబ్బులాంటి రసాయనం. దాన్ని కలిపే బఫర్‌లో (ద్రావణంలో) ఏమేం పడతాయో ఆ పని చేసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1987 నాటి డాయిల్ పద్ధతినే తలో చిన్న మార్పుతో అందరం వాడుతున్నాం. నేను రాసేది అందులోని ఉప్పు గురించి.

ఒక డిసెంబరులో 48 మామిడి ఆకులు నూరి పెట్టుకున్నాం. 65 డిగ్రీల నీళ్లలో ఉంచడం, క్లోరోఫాం పోసి తిప్పడం, అన్నీ మామూలుగానే అయ్యాయి. క్లోరోఫాం పైన తేలే నీరు (పైనీరు) తీసి చల్లటి ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్ పోసి, ట్యూబు మెల్లగా తలకిందులు చేస్తే డీఎన్ఏ తెల్లటి దారాలుగా తేలాలి. ఎన్నేళ్లయినా ఆ క్షణం కోసమే నేనీ పని చేస్తాను. ఆరోజు మాత్రం నీళ్లు నీళ్లలాగే ఉండిపోయాయి. "అక్కా, ఒక్కదాంట్లోనూ రాలేదు" అంది మా జూనియర్. ముందు ఆకుల్ని తిట్టాను, తర్వాత క్లోరోఫాంని. ఆకులు తెచ్చిన మనిషిని కూడా వదల్లేదు. డీఎన్ఏ ఉందో లేదో చూపించే జెల్ పెడితే అదీ ఖాళీయే.

సాయంత్రం నోట్‌బుక్ తిరగేస్తే దొరికింది. అర లీటరుకు 40.9 గ్రాముల ఉప్పు వేయాల్సిన చోట 4.09 అని నా చేత్తోనే రాసుంది. అంటే ఉప్పు గాఢత 1.4 మోలార్ ఉండాల్సింది 0.14 అయింది.

సీటాబ్ తలకు ధన ఆవేశం, డీఎన్ఏ ఒళ్లంతా ఫాస్ఫేట్ల రుణ ఆవేశం. ఉప్పు దండిగా ఉంటే సోడియం అయాన్లు మధ్యలో దూరి ఆ రెంటినీ విడిగా ఉంచుతాయి. ఉప్పు పలచబడిందో, రెండూ కరుచుకుంటాయి. సీటాబ్ తోకలకు నీళ్లు గిట్టవు కాబట్టి ఆ జంట మొత్తం నీళ్లలోంచి విడిపోయి అడుగు పడుతుంది. మా డీఎన్ఏ ఎక్కడికీ పోలేదు. క్లోరోఫాంకీ పైనీటికీ మధ్య పేరుకున్న ఆ మురికి పొరలోనే ఇరుక్కుంది.

పాత ట్యూబులు పారేయకపోవడం మా అదృష్టం (బద్ధకం అనండి). పైనీరు తీసేసిన వాటిలో గట్టి ఉప్పునీళ్లు పోసి, మళ్లీ వేడిచేసి తిప్పాం. ఈసారి మూడొంతుల్లో రెండొంతుల ట్యూబుల్లో దారాలు కనిపించాయి. సన్నగా, కాస్త గోధుమరంగులో, కానీ దారాలే. వాటిలో చాలావాటితో పీసీఆర్ (డీఎన్ఏకి కాపీలు తీసే పద్ధతి) కూడా నడిచింది. తప్పు చేసినా వెనక్కి తిరిగే దారి ఉంచే రసాయనాలు తక్కువ. ఆరోజు నుంచి దీనిమీద గౌరవం పెరిగింది.

అయితే ఒకప్పుడు "ఏ ఆకుకైనా ఇదే" అని అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడంత ధైర్యంగా అనను. మామిడి చిగుళ్లయితే సరే. ముదురాకులతో మాత్రం, ఆకుల్లోని వగరు పదార్థాలను పట్టే పీవీపీ వేసినా, అవి నల్లబడకుండా వేసే మెర్‌కాప్టోఇథనాల్ కంపు రోజంతా భరించినా, బంకలాంటి ముద్ద చేతికొచ్చిన రోజులున్నాయి. చలికాలం పొద్దున్నే బఫర్ సీసా అడుగున సీటాబ్ తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. పాడైందనుకుని ఒకసారి పారబోశాను కూడా. వెచ్చబెడితే కరిగిపోతుందని తర్వాత తెలిసింది. ఇక చివర్లో 70 శాతం ఇథనాల్‌తో కడగడం తగ్గిస్తే మిగిలిన సీటాబ్ పీసీఆర్‌ని చెడగొడుతుంది. ఇథనాల్‌లో అది బాగానే కరుగుతుంది కాబట్టి రెండుసార్లు కడగండి, పోతుంది.

నాది కిట్లు కొనే బడ్జెట్ లేని ల్యాబు. జిగురు, కషాయం నిండిన ఆకులతో పని. నాకు ఇదే గతి, ఇదే ఇష్టం కూడా. వరి ఆకులతోనే గడిచిపోయేవాళ్లకైతే ఎస్‌డీఎస్ అనే ఇంకో సబ్బు రసాయనం చాలనుకుంటాను. దానిదీ రుణ ఆవేశమే కాబట్టి డీఎన్ఏ జోలికి పోదు. పొటాషియం ఎసిటేట్ పోస్తే తనంతట తానే గడ్డకట్టి పక్కకు తప్పుకుంటుంది. ఉప్పు తూకంలో నాలాగా దశాంశ చుక్క జారినా అంత గొడవ ఉండదు.