డలోనెగా కన్సాలిడేటెడ్ గోల్డ్ మైన్ టూర్: అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చాం

అట్లాంటా చుట్టుపక్కల ఉండేవాళ్ళకి, ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చాక స్టోన్ మౌంటెన్, అక్వేరియం అయిపోయి ఇంకెక్కడికి తీసుకెళ్దామా అని చూసేవాళ్ళకి చెప్తున్నా, ఇది తప్పకుండా చూడాల్సిన చోటు. కమ్మింగ్ నుంచి జార్జియా 400 హైవే ఎక్కి నార్త్‌కి పోతూ ఉండటమే, అది అయిపోయాక ఇంకొంచెం ముందుకెళ్తే డలోనెగా, ఊరి పక్కనే ఈ పాత బంగారు గని. 1900 ప్రాంతంలో పెద్ద డబ్బు పెట్టి కంపెనీ మొదలెట్టారు, 1906కల్లా మూతపడింది. మాది కుప్పం వైపు, మా పెదనాన్న కేజీఎఫ్‌లో, అదే కోలార్ బంగారు గనుల్లో, అండర్‌గ్రౌండ్‌లో పనిచేశారు, మూడు కిలోమీటర్లకి పైగా లోతుకి దిగిన గని కథలు వింటూ పెరిగినవాళ్ళం, దాని ముందు ఇది చాలా చిన్నది, అయినా లోపలికి వెళ్తే రాయిలోంచి బంగారం ఎలా తీస్తారో నాకు అర్థమైనంతగా ఏ పుస్తకంలోనూ అర్థం కాలేదు.

ముందు రాళ్ళ సంగతి చెప్పాలి, ఎందుకంటే టూర్‌లో అసలు బలం అదే. ఈ ప్రాంతం రాయి దాదాపు 46 కోట్ల ఏళ్ళ కింద సముద్రంలో అగ్నిపర్వతాల దగ్గర పుట్టింది, తర్వాత ఖండాలు గుద్దుకుని అపలాచియన్ కొండలు లేచేటప్పుడు లోపల నలిగి, కాగి, షిస్ట్ అనే పొరలు పొరల రాయి అయిపోయింది. ఆ పగుళ్ళలోకి వేడినీళ్ళు ఎక్కి క్వార్ట్జ్ (పలుగురాయి), పైరైట్ (బంగారంలా మెరిసే ఇనుప ఖనిజం), వాటితోపాటు కాస్త బంగారం వదిలిపెట్టి పోయాయి. గోడ మీద ఆ క్వార్ట్జ్ తీగ తెల్లగా కనపడుతుంది, అంచుల్లో తుప్పు రంగు, టార్చి వేస్తే తళుక్కుమంటుంది, పిల్లలందరూ బంగారం అని అరుస్తారు కానీ మెరిసేది చాలావరకు పైరైటే. నిజం బంగారం చాలాచోట్ల కంటికే ఆనదు, అందుకే ఆ రాయంతా పిండి కొట్టాలి. దానికోసం వీళ్ళు 120 రోకళ్ళ స్టాంప్ మిల్లు కట్టారు, అప్పట్లో మిసిసిపీ నదికి తూర్పున అంత పెద్దది ఇంకోటి లేదట, కొట్టిన పొడిని పాదరసం పూసిన రాగిరేకుల మీద పారిస్తే బంగారం పాదరసానికి అతుక్కునేది. మిల్లు అయితే కట్టారు గానీ దాని ఖర్చుకి సరిపడా బంగారం రాయిలో లేదు, కంపెనీ మునిగిపోయింది, అంతే.

లోపలికి మెట్లు దిగుతూ వెళ్ళాలి, నేల తడిగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళయితే ముందే ఆలోచించుకోండి. ఎండాకాలమైనా లోపల 60 డిగ్రీల ఫారెన్‌హీటే కాబట్టి అమ్మలకి ఓ స్వెటర్ పట్టుకెళ్ళండి, గ్రిప్ ఉన్న షూస్ తప్పనిసరి, చెప్పులు వద్దు. గ్లోరీ హోల్ అని పెద్ద నిలువు గొయ్యి ఉంది, దాని దగ్గర తల ఎత్తి చూస్తే తీగ ఎటు పోతే అటు తవ్వుకుంటూ పోయారని తెలిసిపోతుంది. గైడ్ కుర్రాడు లైట్లు ఆర్పి ఒక్క కొవ్వొత్తి వెలిగించి అప్పట్లో ఇంత వెలుగులోనే పని చేశారని చూపించాడు, తర్వాత పాత గాలి డ్రిల్లు దగ్గర నిలబెట్టి నీళ్ళు లేకుండా పొడిగా బెజ్జం వేస్తే రాతిపిండి ఊపిరితిత్తుల్లోకి పోయేదని చెప్తుంటే నాన్న ఆ డ్రిల్లు మీద చెయ్యేసి "మా అన్నకి దగ్గు పట్టింది దీనివల్లేరా" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్తే గైడ్ టూర్ ఆపి మరీ కోలార్ గురించి అడిగి తెలుసుకున్నాడు, ఆ అబ్బాయికి పని మీద ఉన్న శ్రద్ధ అలాంటిది.

బయటికి వచ్చాక ప్యానింగ్, అంటే నీళ్ళ తొట్టిలో పళ్ళెం తిప్పుతూ ఇసుక వదిలించడం, అచ్చం మనం బియ్యం గాలించినట్టే. మేమందరం గైడ్ చెప్పింది వింటూ ఉండగానే అమ్మ పళ్ళెం ఓ వైపు వంచి రెండు ఊపులు ఊపి నల్ల ఇసుక అడుక్కి దించేసింది, దాని అంచున రెండు మూడు బంగారు రవ్వలు, చిన్న గార్నెట్ ముక్కలు. బరువైంది అడుగునే ఉండిపోతుంది, సూత్రం ఒక్కటే. ఇక్కడ మొట్టమొదట 1828, 29లో జనం ఎగబడ్డది కూడా ఇలా వాగుల్లో గాలించడానికే, కాలిఫోర్నియా కంటే ఇరవై ఏళ్ళ ముందు. వాగులు ఖాళీ అయ్యాక కొండమట్టిని నీటి ఫిరంగులతో కొట్టి కడిగారు, ఇక్కడ రాయి ఉన్నచోటే మెత్తబడి ఎర్రమట్టి అయిపోయింది కాబట్టి అది కుదిరింది. లోపలి గట్టి రాయిలోకి దిగింది ఆ తర్వాతే.

గని మాత్రం చూసి తిరిగి రావద్దు, దయచేసి ఊళ్ళో స్క్వేర్ మధ్యలో పాత కోర్టు బిల్డింగులో ఉన్న గోల్డ్ మ్యూజియం కూడా చూడండి, మనుషుల కథ అక్కడుంది. ఈ నేల చెరోకీలది, అంటే ఇక్కడి మూలవాసులైన అమెరికన్ ఇండియన్ తెగది. బంగారం దొరికాక జార్జియా ప్రభుత్వం వాళ్ళ భూమిని 40 ఎకరాల ముక్కలు చేసి 1832లో లాటరీలో తెల్లవాళ్ళకి పంచేసింది. 1838లో సైన్యం వాళ్ళని ఇళ్ళలోంచి లాగి పడమటికి తోలింది, దారిలో, క్యాంపుల్లో నాలుగు వేల మంది దాకా పోయారని అంచనా. అదే 1838లో ఇదే ఊళ్ళో టంకశాల తెరిచి బంగారు నాణేలు కొట్టడం మొదలెట్టారు, 1861 దాకా నడిచింది, వాటి మీద డి అని గుర్తు ఉండేది. మ్యూజియంలో ఆ నాణేలు అద్దం వెనక చూస్తుంటే నాకు అందం కంటే ఆ సంవత్సరమే ఎక్కువ గుచ్చుకుంది. అట్లాంటాలో క్యాపిటల్, అంటే రాష్ట్ర శాసనసభ భవనం, గోపురం మీద బంగారం కూడా ఇక్కడిదే, 1958లో ఊరివాళ్ళు 43 ఔన్సులు పోగుచేసి కంచరగాడిద బళ్ళ మీద తీసుకెళ్ళి ఇచ్చారు.

పిల్లలకి రంగురాళ్ళ బకెట్లు కూడా ఉన్నాయి, అవి విడిగా కొనాలి, చిన్నవాళ్ళయితే బాగా ఆడుకుంటారు, టీనేజ్ పిల్లలకి అవసరం లేదు. అక్టోబర్ మూడో వారాంతం గోల్డ్ రష్ డేస్ జాతర జరుగుతుంది, ఊరంతా కిక్కిరిసి పార్కింగ్ దొరకదు, గని ప్రశాంతంగా చూడాలంటే ఆ వారం వదిలేసి మామూలు వీక్‌డేలో పొద్దున్నే వెళ్ళండి, గ్రూపు చిన్నగా ఉంటే గైడ్‌ని ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు.