అయిదేళ్ల పల్చని లాప్‌టాప్, దాని తర్వాతి దాని మీద నా లెక్కలు

2020 చివర్లో హన్మకొండలో కొన్న ఈ 13 అంగుళాల లాప్‌టాప్ నా సంచిలో అయిదేళ్లు దాటింది. ఎనుమాముల మార్కెట్‌లోని పత్తి, మిర్చి వ్యాపారుల ఖాతాలు, జీఎస్‌టీ రిటర్నులు చూడడం నా పని. వారానికి రెండుసార్లు కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలులో వెళ్లి వస్తాను. సీటు దొరకని రోజు సంచి భుజాన వేలాడదీసుకుని నిలబడిన వాడికే కిలోంబావు బరువు విలువ తెలుస్తుంది కనుక, ఆ విషయంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

మూడో ఏట బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెట్టితే మార్పించాను. ఫైళ్లు దాచే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండినప్పుడు 1 టీబీది వేయించడానికి అరగంట కూడా పట్టలేదు. పత్తి సీజనులో ఫ్యానులోకి నూగు చేరుతుంది. వేసవి ముదిరేలోపు విప్పి శుభ్రం చేయించకపోతే, 43 డిగ్రీల ఎండలో అది రొద పెడుతూ వేగం తగ్గించుకుంటుంది.

అసలు చిక్కు 8 జీబీ మెమరీతో వచ్చింది. ఖాతాల సాఫ్ట్‌వేర్ ట్యాలీ, పెద్ద ఎక్సెల్ ఫైలు, బ్రౌజర్‌లో పది పేజీలు కలిసి తెరిస్తే ప్రాసెసర్ సగం ఖాళీగానే ఉంటుంది, మెమరీ మాత్రం 90 శాతం దాటుతుంది. పెంచమని అడిగితే రిపేరు కుర్రవాడు, "సార్, ర్యాము బోర్డుకే అతికి ఉన్నది, ఏం జేయలేం" అన్నాడు.

అలా అతికించడం కేవలం కంపెనీల పిసినారితనం కాదని తర్వాత తెలుసుకున్నాను. తక్కువ విద్యుత్తుతో నడిచే ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ పూర్తి వేగంతో పనిచేయాలంటే ప్రాసెసర్‌కు అతి దగ్గరగా ఉండాలి. పాత పద్ధతి స్లాటులో ఆ దూరమూ, మందమూ రెండూ పెరుగుతాయి. 2024లో ఇంటెల్ తెచ్చిన లూనార్ లేక్ ప్రాసెసర్ ఇంకో అడుగు ముందుకు వేసి మెమరీని తన ప్యాకేజీలోనే పెట్టుకుంది, గరిష్ఠంగా 32 జీబీ. తర్వాతి పాంథర్ లేక్‌లో దాన్ని మళ్లీ బయటికి తెచ్చారు.

అందుకే నా ఆశ అంతా ఎల్‌పీక్యామ్2 మీద ఉంది. అదే ఎల్‌పీడీడీఆర్ చిప్‌లను ఒక పల్చని పలకపై పేర్చి, బోర్డుకు ఆనించి స్క్రూలతో బిగించే ఏర్పాటు ఇది. చెడిపోతే విప్పవచ్చు, చాలకపోతే పెద్దది వేయవచ్చు. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంలో ఇది వచ్చింది గానీ, ఆ యంత్రం నా రైలు ప్రయాణానికి బరువే. రెండు మూడేళ్లలో కిలోంబావు లాప్‌టాప్‌లలోకీ ఇది దిగుతుందని నా అంచనా, అయితే ముందుగా ఖరీదైన ఆఫీసు మోడళ్లలోనే కనిపిస్తుందనుకుంటాను. ఫ్యాను బదులు సన్నని పొరల కంపనంతో గాలిని నెట్టే ఎయిర్‌జెట్ వంటి చిప్‌లూ ఉన్నాయి; మా పత్తి నూగును అవి తట్టుకుంటాయో లేదో చూసే దాకా నేను నమ్మను.

ఎదురుచూపుకూ ఖర్చుంది. ఏఐ సర్వర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఎగబాకాయి. మిర్చి ధరల పోకడ రోజూ చూసే నాకు, అవి ఎప్పుడు దిగుతాయో పందెం కాయాలని లేదు. ఈ సీజను ఖాతాలు ముగిసే వరకు పాతదానితోనే నెట్టుకొస్తాను. ఈలోగా అది మొండికేస్తే, ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగైనా సరే, మొదటే 32 జీబీ ఉన్నదాన్ని తీసుకుంటాను.