రాయా, కాగితమా, ఫోనా: రేపటి చరిత్ర పాఠానికి మన ఊరి సంగతులను అందించేదేది?

కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన తెలుగు శాసనం మనదాకా వచ్చింది. పదేళ్ళ కిందటి పెళ్ళిపత్రిక ఫైలును ‘అను’ (Anu) అనే పాత తెలుగు ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే మాత్రం పిచ్చి గీతలే.

అలాగని రాయే మేలనలేం. దాని మీద పట్టేది నాలుగు ముక్కలు. ధనంజయుడి పేరు తెలిసింది గానీ ఆ ఏడు వాన పడిందో లేదో తెలియదు. ఇప్పటి శిలాఫలకాలైతే మరీను, రిబ్బను కోసినవాళ్ళ జాబితా తప్ప ఏముంటుంది? రాయి నప్పేది వరద గుర్తుకు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ళ మీద పడింది. నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో గ్రానైటు మీద గీత, పక్కన తేదీ చెక్కిస్తే చాలు. కడప బండ వద్దు, అది పొరలుగా లేస్తుంది. సున్నం, ఎనామిల్ పూస్తే అక్షరాలు పూడిపోతాయి.

వివరం కావాలంటే కాగితమే. 1800ల మొదట్లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా సేకరించిన కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్రలు, కాగితాల మీదివే కదా. వానపడిన తేదీ, శనక్కాయల ధర, కూలి, బోరు లోతు, లాక్‌డౌన్‌లో ఊళ్ళోకి ఎవరు తిరిగొచ్చారు: ఇవి నోటుపుస్తకంలో పెన్సిలుతో రాస్తే తడికి చెరగవు. బస్సు టికెట్లు, మిషను రసీదులు వేడితో అచ్చయ్యేవి, మన ఎండలకు తొందరగా తెల్లబోతాయి. వచ్చిన వారంలోనే జిరాక్సు తీయాలి. లామినేషను జోలికి పోవద్దు, ఆ జిగురు మళ్ళీ ఊడదు. గుండుసూదులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. గోడకు జానెడు ఎడంగా, ఇనుప బీరువాలో పెడితే చెదల బెడద తగ్గుతుంది.

ఫోను మాటేమిటంటే, గొంతులకూ ముఖాలకూ దానికి సాటి లేదు. అవ్వ చెప్పే కరువు ముచ్చట కాగితానికి ఎక్కదు. అయితే వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకు తీసిన తేదీ, చోటు ఊడిపోతాయి, బొమ్మా నలుగుతుంది. కెమెరాలోని అసలు ఫైలే తీసుకొని పేరులోనే తేదీ, ఊరు రాయాలి. తెలుగు ఏదైనా యూనికోడ్‌లోనే, అంటే ఏ ఒక్క ఫాంటుకూ కట్టుబడని అక్షరాల్లోనే రాయాలి. మూడు కాపీలు చేసి, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో ఉంచాలి. పెన్‌డ్రైవు ఏళ్ళ తరబడి బీరువాలో పడి ఉంటే లోపలిది పోవచ్చు, అందుకని మూడు నాలుగేళ్ళకొకసారి కొత్తదానిలోకి ఎక్కించాలి.

ఒక్కటే చేయగలిగితే నోటుపుస్తకం పట్టండి. ముందు పేజీలో ఊరు, మండలం, జిల్లా రాయండి. 2022లో జిల్లాలు మారాయి గనుక పాత జిల్లా పేరూ పక్కనే.