సోల్‌కాలిబర్ 6: పక్కకు వేసే అడుగే ఈ ఆటకు ప్రాణం

2018 అక్టోబర్ 19న విడుదలైన సోల్‌కాలిబర్ 6 అనే పోరాట వీడియో గేమ్‌ను ఇన్నేళ్ల తర్వాత సమీక్షకు ఎత్తుకోవడానికి కారణం ఉంది. నేను ఇది రాసేనాటికి ఈ వరుసలో మరో ప్రధాన భాగం రాలేదు. 2020 డిసెంబర్‌లో హ్వాంగ్ అనే కొరియా యోధుడు చేరడంతో అదనపు పాత్రల రాక కూడా నిలిచిపోయింది. ఆట అక్కడ ఆగినా అభిమానుల వాదోపవాదాలు ఆగలేదు. ఏడో భాగం వస్తుందా, వస్తే కథ ఎక్కడి నుంచి అందుకోవాలి, ఆరో భాగం తెచ్చిన కొత్త పద్ధతులలో వేటిని ఉంచాలి, వేటిని తీసేయాలి అన్న ప్రశ్నలపై మొదటి నుంచీ ఆడుతున్నవారికీ, ఆరో భాగంతోనే లోపలికి వచ్చినవారికీ ఇప్పటికీ పొత్తు కుదరడం లేదు. ఆ వాదనలన్నిటికీ సాక్ష్యం ఈ ఆటే కాబట్టి, పీఎస్4లో దీన్ని చాలాకాలంగా ఆడుతున్నవాడిగా నా అభిప్రాయం కూడా రాసి పెడుతున్నాను.

తెలియనివారి కోసం ముందుగా ఆట స్వరూపం చెప్పాలి. నామ్‌కో సంస్థ తొంభైల నడుమ సోల్ ఎడ్జ్ పేరుతో ఆర్కేడ్లలో మొదలుపెట్టిన ఈ వరుసకు సోల్‌కాలిబర్ అనే పేరు 1998లో వచ్చింది. మరుసటి ఏడాది డ్రీమ్‌కాస్ట్ కన్సోల్‌లోకి వచ్చాక దీని కీర్తి దేశదేశాలకు పాకింది. పదహారో శతాబ్దపు చివరి దశకాలలో, సోల్ ఎడ్జ్ అనే దుష్ట ఖడ్గం చుట్టూ నానా దేశాల యోధులు తలపడడం ఇందులోని కథ. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక ఆయుధం ఉంటుంది కాబట్టి, వట్టి చేతులతో కొట్టుకునే ఆటలలో కన్నా ఇక్కడ దూరానికి విలువ ఎక్కువ. మూరెడు కత్తి పట్టినవాడు బారెడు కర్ర పట్టినవాడి దగ్గరికి ఎలా చేరాలన్నదే సగం ఆట. దీనికి 1998 నాటి భాగం ఎనిమిది దిక్కులా స్వేచ్ఛగా నడిచే వీలు జోడించింది. అడ్డంగా తిప్పే వేటు, నిలువుగా దింపే వేటు, కాలి తాపు, కాచుకోవడం: ప్రధానమైన బటన్లు ఈ నాలుగే. నిలువు వేటుకు బలం ఎక్కువ, కానీ పక్కకు అడుగు వేసినవాణ్ని అది సాధారణంగా అందుకోలేదు. అడ్డ వేటు పక్కకు కదిలేవాణ్ని పట్టేస్తుంది, కానీ ఎత్తుగా వస్తే దాని కింద నుంచి వంగి తప్పించుకోవచ్చు. వీటికి తోడు, బరి అంచు దాటి కిందపడితే ఎంత ప్రాణం మిగిలి ఉన్నా ఆ రౌండ్ పోయినట్టే.

ఈ మాటలు కాగితం మీద కన్నా తెర మీద త్వరగా అర్థమవుతాయి. మొన్నటి సంక్రాంతి సెలవులలో అమ్మమ్మగారింట్లో కన్సోల్‌ను టీవీకి తగిలించి మా పిన్ని కొడుకుతో ఆడాను. వాడికి ఈ ఆట కొత్త. అందరికన్నా పెద్ద కత్తి ఉందని నైట్‌మేర్‌ను ఎంచుకున్నాడు. నేను మిత్సురుగిని తీసుకున్నాను. మొదటి అరగంట వాడు నిలువు వేటు తప్ప మరొకటి వేయలేదు. ఆ కత్తి తల మీదికి లేవగానే నేను ఎడమకు ఒక్క అడుగు వేసేవాణ్ని, అది నా భుజం పక్క నుంచి దిగి నేలకు తగిలేది, నైట్‌మేర్ డొక్క నాకు తేరగా దొరికేది. "అన్నయ్యా, ఇంత దగ్గర ఉన్నావు కదా, ఎందుకు తగలట్లేదు?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత అడగడం మానేసి నా పాత్ర కాళ్ల వైపు చూడడం మొదలుపెట్టాడు. కాసేపటికి నన్ను బరి అంచు దాకా నెట్టుకొచ్చి, నేను అలవాటు కొద్దీ పక్కకు జరిగే క్షణం కోసం ఆగి, అడ్డ వేటుతో బయటికి విసిరేశాడు. ముప్పావు వంతు ప్రాణం ఉండగానే నేను ఓడిపోయాను. ఒక్క పాఠం కూడా చెప్పకుండా వాడికి ఇదంతా నేర్పింది ఆ బరి, ఆ అడుగు. ఈ వరుసలో ఇంతకు మించిన రూపకల్పన లేదని నా నమ్మకం.

మధ్యాహ్నానికి వాడికి ఆర్‌1 బటన్ దొరికింది.

ఆ ఒక్క బటన్‌తో పనిచేసే రివర్సల్ ఎడ్జ్ ఆరో భాగం కొత్తగా తెచ్చిన పద్ధతి. అభిమానుల తగాదాలలో మొదటి చోటు కూడా దానిదే. బటన్ నొక్కితే పాత్ర ఎదుటివాడి వేట్లను కాచుకుంటూనే ఒక ఎదురు వేటు వేస్తుంది. అది తగిలితే ఆట నెమ్మదిస్తుంది, కెమెరా దగ్గరికి వస్తుంది, ఇద్దరూ చెరొక బటన్ ఎంచుకోవాలి. నిలువు వేటు అడ్డ వేటును, అడ్డ వేటు తాపును, తాపు నిలువు వేటును గెలుస్తాయి. కాచుకోవడానికీ, తప్పుకోవడానికీ కూడా వీలుంటుంది. చూడడానికి మొదటిసారి ముచ్చటగానే ఉంది. పదోసారికి, పక్కన చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న మా అమ్మమ్మ తల ఎత్తి, "ఇందాక చూపించిందే మళ్లీ చూపిస్తాడేమిట్రా?" అంది. ఆ తర్వాత మా వాడు నా కాళ్ల వైపు చూడడం మానేశాడు. చూడాల్సిన అవసరం లేకుండా పోయింది.

రివర్సల్ ఎడ్జ్‌ను సమర్థించేవారి వాదనలో పస లేకపోలేదు. ఈ తరహా ఆటలలో కొత్తవాడు పాతవాడి ముందు నిలవలేక మొదటి రోజే వదిలేసే ప్రమాదం ఉంది, ఈ పద్ధతి వాడికి ఊపిరి తీసుకునే సందు ఇస్తుంది. పైగా దీన్ని విరగ్గొట్టడానికి బ్రేక్ దాడులు ఉన్నాయి కాబట్టి, విషయం తెలిసినవాడికి ఇది పెద్ద అడ్డంకి కాదని వారు గుర్తుచేస్తారు. ఆ మాటలో నిజం ఉన్నా, అసలు ఇబ్బంది బలాబలాల లెక్కలో లేదని నేను అనుకుంటాను. ఈ ఆటకు గొప్పతనం తెచ్చింది కదలిక. రివర్సల్ ఎడ్జ్ మొదలవగానే ఆ కదలిక స్తంభించి, దూరం, అంచు, అడుగు అన్నీ పక్కకు తప్పుకుని, ముగ్గురిలో ఒకరిని ఊహించే చిన్నపిల్లల పందెం మిగులుతుంది. కొత్తవాడికి తలుపు తెరవాలన్న ఉద్దేశం మంచిదే; కానీ ఆ తలుపు వాణ్ని అసలు ఆటలోకి తీసుకెళ్లకుండా పక్క గదిలో కూర్చోబెడుతోంది. ఏడో భాగం తీసేవారికి నాదొక్కటే విన్నపం: కొత్త పద్ధతి ఏది తెచ్చినా, అది ఆటగాణ్ని నడిపిస్తుందా, నిలబెడుతుందా అని ముందు చూసుకోవాలి.

మిగిలిన పద్ధతుల గురించి ఇంత చెప్పనక్కరలేదు. ఐదో భాగంలో గేజ్ (పోరులో నిండే శక్తి పట్టీ) ఖర్చు పెట్టి చేయాల్సి వచ్చిన గార్డ్ ఇంపాక్ట్‌ను ఆ ఖర్చు లేకుండా తిరిగి ఇచ్చారు, అది పెద్ద ఊరట. ఎదుటివాడి వేటును సరిగ్గా తగిలే క్షణాన పక్కకు కొట్టేసినప్పుడు వచ్చే ఆ లోహపు చప్పుడు కోసమే ఆడేవారు నాకు తెలుసు. నిర్దిష్టమైన సందర్భంలో తగిలితేనే పలికే లీథల్ హిట్‌లు శ్రద్ధగా నేర్చుకునేవారికి మంచి కానుక. పాత్ర బలాన్ని కాసేపు పెంచే సోల్ చార్జ్‌కు మాత్రం గేజ్‌లో ఒక గడి పెడితే వచ్చే లాభం కొన్ని పాత్రలకు మరీ ఎక్కువ, కొన్నిటికి మరీ తక్కువ.

తెలుగువారికి ఇందులో ప్రత్యేకంగా కనిపించే సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. చైనా ఆలయంలో పెరిగిన కిలిక్ తిప్పే కర్ర పేరు కలియుగ. ఆ ఆలయపు మూడు పవిత్ర వస్తువులలో అద్దం పేరు ద్వాపరయుగ, ఖడ్గం పేరు కృతయుగ. షియాంగ్‌హువా చేతిలోని ఆ ఖడ్గమే చివరికి సోల్ ఎడ్జ్‌కు ఎదురు నిలిచే పవిత్ర ఖడ్గం సోల్‌కాలిబర్ అని తేలుతుంది. త్రేతాయుగాన్ని జపాన్ రచయితలు ఎందుకు వదిలేశారో గానీ, మొదటిసారి తెర మీద ఈ పేర్లు చదివినప్పుడు నేను కంట్రోలర్ కింద పెట్టి నవ్వుకున్నాను. పాములా మెలికలు తిరిగే వోల్డో రెండు చేతులకూ ఉన్నవి మన కఠారులే. వాటి పేర్లు మనస్, ఆయుస్. కర్రసాము చూసి పెరిగిన కంటికి కిలిక్ కర్రను మెడ చుట్టూ తిప్పి చేయి మార్చే తీరు పరాయిగా అనిపించదు.

కథ విషయంలో అభిమానుల గాయం పాతది. 2012లో వచ్చిన ఐదో భాగం కాలాన్ని ఒక్కసారిగా 17 ఏళ్లు ముందుకు నెట్టి, సోఫిటియా బిడ్డలైన పాట్రోక్లోస్, పిర్రాలను ముందు నిలిపింది. సోఫిటియా, తాకి, షియాంగ్‌హువా, తాలిమ్ వంటివారు ఆడుకోవడానికి లేకుండా పోయారు. ఏళ్ల తరబడి ఒక్క పాత్రతోనే చేయి తిరిగినవాడికి, ఆ పాత్ర శిష్యురాలినో సంతానాన్నో చూపించి సరిపెట్టుకోమంటే కోపం రావడం సహజం. పోరాట పద్ధతిగా చూస్తే ఐదో భాగం చాలా పదునైనదని వాదించేవారితో నేను ఏకీభవిస్తాను. కానీ ఇష్టమైన పాత్ర లేని చోట ఆ పదునును చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆరో భాగం భయపడి మొదటికే వెళ్లి, 1998 నాటి కథను మళ్లీ చెప్పింది. మళ్లీ చెప్పినట్టు కనిపిస్తూనే కొంచెం మార్చింది కూడా: తర్వాత చేరిన కసాండ్రాకు పాత కాలరేఖలోని తన రూపమే ఎదురవుతుంది. ఈ వరుసకు భవిష్యత్తు ఉంటే అది ఈ చీలిక నుంచే మొదలవుతుందని ఒక వర్గం గట్టిగా నమ్ముతోంది. నాకూ అదే సబబు అనిపిస్తోంది, ఎందుకంటే పాతవారిని చంపకుండా కథను కొత్త దారి పట్టించడానికి అంతకన్నా తేలిక మార్గం లేదు.

ఒంటరిగా ఆడేవారికి రెండు కథా విభాగాలు ఉన్నాయి. సోల్ క్రానికల్ బొమ్మల పుస్తకంలా సాగుతుంది, తక్కువ సమయంలో ముగుస్తుంది. లిబ్రా ఆఫ్ సోల్ చాలా పెద్దది: మనం తయారు చేసుకున్న యోధుడు పటం మీద ఊరూరా తిరుగుతూ, మంచికో చెడుకో మొగ్గే నిర్ణయాలు తీసుకుంటూ వెళ్తాడు. ఆలోచన బాగుంది. కానీ కదలని చిత్రాల కింద పేజీలకు పేజీలు చదివి, లోడింగ్ తెర ముందు కూర్చుని, పావు నిమిషంలో తేలిపోయే పోరు కోసం ఎదురుచూసే సందర్భాలు ఎక్కువ.

దుస్తుల వాదన గురించి. లండన్‌కు చెందిన రసవాది ఐవీ ఖడ్గం కొరడాలా విడిపోతుంది; ఈ వరుసలో ఇంత తెలివైన ఆయుధ కల్పన మరొకటి లేదు. అయినా ఆమె గురించిన చర్చంతా ఒంటి మీద బట్ట దగ్గరే ఆగిపోవడానికి బాధ్యత రూపకర్తలదే. పాత రూపాన్ని ముట్టుకోవద్దని ఒకరు, ఇంట్లో అందరి ముందూ ఆడుకునేలా ఉండాలని మరొకరు. మా అమ్మమ్మ పక్కన కూర్చుని ఉన్నప్పుడు నేను ఐవీని ఎంచుకోలేదన్నది వాస్తవం. పాత్రల సృష్టి విభాగంలో ఉన్న యోధుల దుస్తులను కూడా మార్చుకునే వీలుంది కాబట్టి, ఎవరికి నచ్చినట్టు వారు సర్దుకోవచ్చు. ఆ విభాగం 2005లో మూడో భాగంతో మొదలైంది, ఆరులో దాని విస్తారం అబ్బురపరుస్తుంది. పోరు రాకపోయినా గంటల తరబడి బొమ్మలు తయారు చేస్తూ కూర్చునే అభిమానులు ఈ ఆటకు చాలామంది ఉన్నారు.

వేరే ఆటల నుంచి, కథల నుంచి అతిథి పాత్రలను తెచ్చే సంప్రదాయం 2003లో రెండో భాగపు కన్సోల్ రూపాలతో మొదలైంది, ఒక్కో కన్సోల్‌కు ఒక్కొక్కరు: లింక్, హెయిహాచి, స్పాన్. 2008లో నాలుగో భాగం స్టార్ వార్స్ సినిమాల యోడాను తెచ్చినప్పుడు అభిమానులు తలలు పట్టుకున్నారు, ఎందుకంటే అంత పొట్టివాణ్ని ఒడిసి పట్టి విసరడమే కుదరదు. ఆరో భాగం ఈ విషయంలో పరువు నిలబెట్టింది. విచర్ కథల గెరాల్ట్ రెండు చేతులా ఖడ్గం పట్టి ఇక్కడే పుట్టినవాడిలా ఒదిగాడు. 2020 మార్చిలో వచ్చిన హవోమారు అయితే 1993 నుంచి కత్తి పోరాటాలకే అంకితమైన సమురాయ్ షోడౌన్ వరుస నాయకుడు, అతణ్ని చుట్టమనాలి గానీ అతిథి అనకూడదు. ఇవన్నీ సరే, టీరా వంటి పాత కుటుంబ సభ్యురాలిని విడుదల రోజునే విడిగా డబ్బు పెట్టి కొనుక్కోమనడం ఏ లెక్కన చూసినా మర్యాద కాదు.

ఇక ఆన్‌లైన్. 2023లో స్ట్రీట్ ఫైటర్ 6, 2024లో ఇదే సంస్థ తీసిన టెక్కెన్ 8 నెట్ ఆలస్యాన్ని కప్పిపుచ్చే రోల్‌బ్యాక్ పద్ధతితో వచ్చాయి, వేర్వేరు యంత్రాలవారు కలిసి ఆడుకునే వీలునూ ఇచ్చాయి. సోల్‌కాలిబర్ 6లో ఆ రెండూ లేవు. ఎదుటివాడు దూరదేశంలో ఉంటే నొక్కిన బటన్ ఆలస్యంగా పలికే పాత పద్ధతి ఇది. రెప్పపాటులో పక్కకు తప్పుకోవడం మీద నిలబడిన ఆటకు ఇది చిన్న లోపం కాదు. పీసీలో, పీఎస్4లో, ఎక్స్‌బాక్స్ వన్‌లో ఉన్న ఆటగాళ్లు మూడు గుంపులుగా చీలిపోవడంతో, మనవైపు సమయానికి జోడీ దొరకడమూ కష్టమే. భవిష్యత్తు గురించి అభిమానులు ఎన్ని వాదించుకున్నా ఈ ఒక్క విషయంలో రెండో మాట లేదు.

కొనేవారికి చివరి మాట. ఆన్‌లైన్ మీద ఆశ పెట్టుకుని కొనవద్దు. ఇంట్లో రెండో కంట్రోలర్, పక్కన కూర్చునే మనిషి ఉంటే, డిస్కౌంట్‌లో దొరికే మూల ఆట ఒక్కటి తీసుకున్నా గెరాల్ట్‌తో కలిపి 20 మంది యోధులు వస్తారు, అది చాలా కాలానికి సరిపడే సరుకు. అదనపు పాత్రలలో కసాండ్రా, హిల్డే, హవోమారు డబ్బుకు తగినవారు. మొదటి వారం ఆర్‌1 ముట్టుకోకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకుని ఆడండి. మా పిన్ని కొడుకుతో నేను మూడో రోజు ఆ ఒప్పందం చేసుకున్నాను. ఆ సాయంత్రం వాడు నన్ను వరుసగా నాలుగుసార్లు బరి బయటికి పడేశాడు.